పాత పికప్‌కు బోరు పనా, వేరే ఇంజినా? విశాఖ బండి యజమానులకు నా సలహా

తెల్లవారుజామున బండి స్టార్ట్ చేస్తే వెనుక నీలం పొగ. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు నల్ల పొగ. పది రోజులకో లీటరు ఇంజిన్ ఆయిల్. డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆ గొట్టంలోంచి కూడా ఆవిరి తన్నుకొస్తుంది. మేస్త్రి బానెట్ మూసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒకే మాట అంటారు: “బోరుకొచ్చిందండీ.” అంటే లోపల పిస్టన్లు ఆడే సిలిండర్లు అరిగిపోయాయని.

ఆ మాట విన్న యజమాని ముందు నాలుగు దారులుంటాయి. ఉన్న ఇంజిన్‌కే బోరు పని చేయించడం, అంటే అరిగిన సిలిండర్లను కోసి సరిచేసి కొత్త పిస్టన్లు వేయించడం ఒకటి. అదే రకం ఇంజిన్, తక్కువ తిరిగినది, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి వేయడం రెండోది. ఎలాగూ మారుస్తున్నాం కదా అని కంప్యూటర్ లెక్కతో డీజిలు చిమ్మే కొత్త తరం కామన్ రైల్ ఇంజిన్ ఎక్కించడం మూడోది. అసలు బండినే అమ్మేసి కాస్త కొత్తది కొనుక్కోవడం నాలుగోది. మా కుటుంబం రెండు తరాలుగా చేపల రేవు నుంచి, పూర్ణా మార్కెట్ నుంచి సరుకు తోలుతోంది. ఈ నాలుగు పనులూ మేమో మా దగ్గరి బంధువులో చేసి చూసినవే. వాటిలో ఒకటి మా బావకు రెండేళ్ల సంపాదన తినేసింది కాబట్టి, ఇంకొకరికి అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంజిన్ ధర చూసి నిర్ణయించకండి. బండి ఎన్ని రోజులు షెడ్డులో నిలబడుతుందో లెక్కవేసి నిర్ణయించండి. డీజిలు, డ్రైవరు బత్తా పోను రోజుకు 1,500 రూపాయలు మిగులుతున్నాయనుకుందాం. వారం నిలబడితే 10,500 పోయాయి. నలభై రోజులు నిలబడితే 60,000. ఈ డబ్బు ఏ మెకానిక్ బిల్లులోనూ కనిపించదు, అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫైనాన్సు వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. రోజూ మీకు సరుకు ఎత్తే వ్యాపారి ఆ నలభై రోజుల్లో వేరే బండికి అలవాటు పడతాడు. మీ ఇంజిన్ బాగుపడినా ఆయన మళ్లీ మీ వైపు తిరగడానికి చాలా కాలం పడుతుంది.

ఇంజిన్ కంటే ముందు ఛాసిస్

మిగతా ఊళ్లలో ఈ మాట రెండో స్థానంలో చెప్పవచ్చు. విశాఖలో మొదట చెప్పాలి. మనది సముద్రపు గాలి. పైగా చేపల పెట్టెలు ఎత్తే బండి అయితే, కరిగిన ఐసుతో పాటు ఉప్పునీరు రోజంతా తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదికి, అంటే బండిని మోసే ఇనుప చట్రం మీదికి కారుతూనే ఉంటుంది. పైనుంచి రంగు మెరుస్తుంటుంది, లోపల ఇనుము తినేసి ఉంటుంది.

ఇంజిన్ గురించి ఎవరితోనైనా మాట్లాడే ముందు బండిని ర్యాంపు ఎక్కించి, ఒక చిన్న సుత్తి తీసుకుని కిందకి వెళ్లండి. వెనుక కమాను కట్టలు ఛాసిస్‌కు బిగించే హ్యాంగర్ల దగ్గర, స్టెప్నీ పైన ఉండే అడ్డ కమ్మీ దగ్గర, రివెట్లు ఉన్న ప్రతిచోటా మెల్లగా కొడుతూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తినేసిన చోట ఆ మోత రాదు, తడి చెక్కను కొట్టినట్టు మెత్తగా ఉంటుంది. రెండు రేకులు కలిసే చోట ఉబ్బు కనిపిస్తే స్క్రూడ్రైవరు మొనతో గీకి చూడండి. తుప్పు పూతరేకుల్లా పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వస్తే ఆ చోట బలం లేనట్టే. ఒకటి రెండు చోట్లయితే మంచి వెల్డరుతో పట్టీ వేయించవచ్చు. రెండు వైపులా, హ్యాంగర్ల దగ్గర కూడా అదే పరిస్థితి అయితే ఏ ఇంజిన్ గురించీ ఆలోచించకండి.

మా నాన్నగారి పాత బండి విషయంలో ఈ పొరపాటు చేశాం. ఇంజిన్‌కు ఏ లోటూ లేకుండా బోరు పని చేయించాం. ఆరు నెలలు తిరగకుండానే లంకెలపాలెం దగ్గర లోడుతో వెళ్తుండగా ఎడమ వెనుక హ్యాంగర్ ఛాసిస్ నుంచి ఊడి వచ్చింది. అదృష్టవశాత్తూ వేగం తక్కువ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త పిస్టన్లు వేసిన ఇంజిన్‌ను చివరికి తుక్కు ధరకు బండితో సహా ఇచ్చేశాం. ఆ రోజు నాన్నగారు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

ఛాసిస్ బాగుంటే తరువాత చూడవలసింది బండి వయసు. ఏపీ 31 నంబరు బండి అంటే 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస రాకముందు రిజిస్టర్ అయినది. రవాణా బండికి 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, వయసు పెరిగేకొద్దీ ఆ రుసుమూ పెరుగుతుంది. ఇంకా ఎన్నేళ్లు ఈ బండిని నడపాలనుకుంటున్నారో ఇప్పుడే మనసులో ఒక అంకె అనుకోండి. రెండేళ్లే అయితే ఒక దారి, ఆరేళ్లయితే మరో దారి.

సొంత ఇంజిన్‌కు బోరు పని

దీనికి ఉన్న పెద్ద బలం ఒకటే, అది చాలా పెద్దది: ఇంజిన్ నంబరు మారదు. ఆర్సీ కాగితానికీ బండికీ మధ్య ఎలాంటి తేడా రాదు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు. పైగా ఆ ఇంజిన్ చరిత్ర మీకు తెలుసు. ఎప్పుడు వేడెక్కిందో, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

పని సరిగ్గా చేస్తే బ్లాకు, అంటే సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం, లేత్ షాపుకు వెళుతుంది. అక్కడ డయల్ గేజితో ప్రతి సిలిండరు పైన, మధ్యలో, కింద కొలుస్తారు. ఆ కొలతలు ఒక కాగితం మీద రాయించుకోండి. పెద్ద సైజు పిస్టన్లకు బోరు కొట్టే అవకాశం ఇంకా ఉందో, ఆఖరి సైజు దాటిపోయి సిలిండర్ల లోపల కొత్త తొడుగులు, అంటే లైనర్లు వేయాలో ఆ అంకెలే చెబుతాయి. క్రాంక్ గ్రైండింగ్, దానికి తగ్గ బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వులు, ఆయిల్ పంపు, డీజిలు పంపు, నాజిళ్లు అన్నీ కలిపితేనే అది బోరు పని. డబ్బు మిగులుతుందని రింగులు మాత్రమే మార్పించుకునేవారు ఉంటారు. కోడిగుడ్డు ఆకారంలో అరిగిన సిలిండరులో కొత్త రింగులు నిలవవు. పొగ కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుంది, అప్పుడు చేసిన ఖర్చంతా రెండోసారి చేయాలి.

బ్లాకు చీలిక ఇచ్చి ఉంటే, కనెక్టింగ్ రాడ్ విరిగి గోడకు తగిలి ఉంటే, ఈ దారి వదిలేయండి.

బోరు పనికి ఉన్న బలహీనత రోజులు. లేత్ షాపులో వరుస ఉంటుంది, పిస్టన్ సెట్టు సైజు ఊళ్లో దొరకకపోతే తెప్పించాలి. అన్నీ సజావుగా సాగినా వారం నుంచి పది రోజులు పడుతుంది. తరువాత మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడుతో, ఘాట్ రోడ్డు ఎక్కకుండా నడపాలి. ఆ పైన ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఆ సగం లోడు రోజులను కూడా నష్టం కింద రాసుకోవాలి.

అయితే చేపల బండివారికి ఒక వెసులుబాటు ఉంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. రేవులో పని ఎలాగూ పలచబడుతుంది. ఇంజిన్ ఏప్రిల్ దాకా లాగగలిగితే లాగించి, నిషేధం మొదలైన మర్నాడే బండిని షెడ్డులో పెట్టండి. మిగతా నెలల్లో ఖరీదైన పది రోజులు ఆ రెండు నెలల్లో దాదాపు ఉచితం. మా చిన్నాన్నగారి బండికి ఇలాగే చేశాం. బోరు పని పట్ల నాకున్న భయం ఆ ఒక్కసారితో పోయింది. బెల్లం బండివారికి, కూరగాయల బండివారికి ఇలాంటి ఖాళీ నెలలు వేరుగా ఉంటాయి. మీ సరుకు ఏదైతే దాని ఖాళీ కాలం చూసుకోండి.

అదే రకం ఇంజిన్, తక్కువ తిరిగినది

నిషేధ కాలం దూరంగా ఉంటే, బండి రేపే కదలాలంటే, నేను మొగ్గేది దీనివైపే. ఇంజిన్ చేతిలో ఉంటే అనుభవం ఉన్న మేస్త్రి రెండు మూడు రోజుల్లో మార్చేస్తారు. మౌంటింగులు అవే, క్లచ్ హౌసింగ్ అదే, పైపులు అవే.

ఇక్కడ “అదే రకం” అన్న మాటలోనే పెద్ద గోతి ఉంది. బొలెరో పికప్ తీసుకోండి. పాత డీఐ ఇంజిన్ 2523 సీసీ. తరువాత వచ్చిన కామన్ రైల్ ఇంజిన్ కూడా 2523 సీసీయే. సీసీ ఒకటే కాబట్టి ఇంజిన్ ఒకటే అని అమ్మేవారు అంటారు, కొనేవారూ నమ్ముతారు. కానీ ఒకటి పంపుతో, స్పానరుతో బతికే ఇంజిన్, రెండోది కంప్యూటర్ చెప్పినట్టు నడిచే ఇంజిన్. టాటా 207 డీఐ వారికైతే 2956 సీసీ ఇంజిన్, దానికీ మహీంద్రా ఇంజిన్‌కూ పొత్తే లేదు. కాబట్టి సీసీ అడిగి ఊరుకోకండి. డీజిలు పంపు చూడండి. పంపు నుంచి ప్రతి నాజిల్‌కూ విడివిడిగా ఇనుప గొట్టం నేరుగా వెళ్తోందా, లేక అన్నీ ఒక లావు కడ్డీలాంటి రైలులోంచి చీలి నాజిళ్ల మీద కరెంటు ప్లగ్గులు ఉన్నాయా? మొదటిదైతే డీఐ, రెండోదైతే కామన్ రైల్. అంతా తేలిపోయేది అక్కడే.

కొనడానికి గాజువాక ఆటోనగర్ ఉంది, దొరకకపోతే 350 కిలోమీటర్ల దూరంలో విజయవాడ ఆటోనగర్ ఉంది. హాఫ్ ఇంజిన్ అంటే బ్లాకు, క్రాంక్, పిస్టన్ల వరకే. హెడ్, పంపు, డైనమో, సెల్ఫ్ మోటారు మీ పాతవే వాడుకోవాలి. మీ పంపు, హెడ్ బాగుంటే హాఫ్ ఇంజిన్ చౌక. వాటికీ వయసు మీరితే ఫుల్ ఇంజిన్ తీసుకోవడమే నయం.

నేల మీద పెట్టి, పైన గ్రీసు, రంగు పూసిన ఇంజిన్‌ను కళ్లతో చూసి కొనకండి. వీలైనంత వరకు బండిలో ఉండగానే, చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి బోర్లించి అదే రంధ్రం మీద పెట్టండి. కొద్దిగా వణికితే ఫరవాలేదు, ఎగిరి పడిపోతే లోపల రింగులు అయిపోయాయి. బ్రీదర్ గొట్టం చివర అరచేయి పెడితే గాలి నెమ్మదిగా తగలాలి, దబదబా కొట్టకూడదు. ఇంజిన్ ఆపి, క్రాంక్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్కుమని ఆట తెలిస్తే త్రస్ట్ బేరింగులు అరిగాయి. టర్బో ఉంటే గాలి గొట్టం విప్పి ఇరుసును వేలితో ఊపి చూడండి. కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్‌కు రుసుము ఇచ్చి తీసుకెళ్లడం దండగ ఖర్చు కాదు. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే ధైర్యంగా బేరం ఆడవచ్చు.

వరదలో మునిగిన ఇంజిన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లం మనం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన బండి తుక్కుకు పోయినా దాని ఇంజిన్ ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తుంది. గుర్తు పట్టడానికి పైభాగం చూసి లాభం లేదు, అది కడిగేసి ఉంటారు. సెల్ఫ్ మోటారు విప్పించి ఫ్లైవీల్ హౌసింగ్ లోపల టార్చి వేయండి. మూలల్లో సన్నటి ఒండ్రు ఎండి అంటుకుని ఉంటే అది నీళ్లలో కూర్చున్న ఇంజిన్. డైనమో వెనుక సందుల్లోనూ అదే మట్టి ఉంటుంది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు అడుగు బోల్టు విప్పి ముందుగా వచ్చే అర గ్లాసు చూడండి, నీళ్లో పాలలాంటి నురుగో వస్తే వెనక్కి తిరగండి. మునిగిన ఇంజిన్‌ను ఆత్రంగా స్టార్ట్ చేసి ఉంటే సిలిండరులోని నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆ వంపు పైకి కనిపించదు, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత బ్లాకు గోడ పగలగొట్టుకుని కనిపిస్తుంది.

ఇంజిన్ ఎక్కించే ముందు, అది నేల మీద ఉండగానే, చవకైన భాగాలన్నీ కొత్తవి వేసేయండి. క్రాంక్ వెనుక ఆయిల్ సీల్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వాటర్ పంపు, బెల్టులు, నీళ్ల గొట్టాలు, మౌంటింగ్ రబ్బర్లు. వెనుక సీల్ విలువ కొన్ని వందలే. కానీ ఎక్కించాక అది కారితే మళ్లీ గేరు బాక్సు దించాలి. అంటే మరో రెండు రోజులు. ఈ ఒక్క విషయంలో మేస్త్రి “బాగానే ఉందండీ” అన్నా వినకండి.

కొత్త తరం ఇంజిన్ మీద ఆశ

ఈ ఆశ నాకు తెలుసు. కామన్ రైల్ బండి పక్కనుంచి పొగ లేకుండా, ఆయాసం లేకుండా ఎత్తు ఎక్కి వెళ్లిపోతుంటే మన పాత డీఐ రెండో గేరులో మూలుగుతూ ఉంటుంది. స్కార్పియోలో 2008లో వచ్చిన 2179 సీసీ ఎంహాక్ ఇంజిన్ 120 హార్స్ పవర్ ఇస్తుంది. అది మన పికప్‌లో ఉంటే ఎలా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. మా బావకూ అలాగే అనిపించింది.

మా బావ బండి 2009 మోడల్ డీఐ పికప్. ఎస్.కోట మీదుగా అరకు నుంచి కూరగాయలు తెచ్చేవాడు. ఒక ప్రమాదంలో ముందు భాగం బాగా ఉండి, వెనుక నుజ్జయిన బండి నుంచి తీసిన కామన్ రైల్ ఇంజిన్ మంచి ధరకు దొరికింది. ధర విని నేనూ సంతోషించాను. ఇప్పుడు అది తలచుకుంటే బాధగా ఉంటుంది. “అయిదు రోజుల పని” అన్నారు మెకానిక్.

ఇంజిన్ రెండో రోజునే ఛాసిస్ మీద కూర్చుంది. ఆ తరువాతే అసలు పని మొదలైంది. కామన్ రైల్ ఇంజిన్‌కు దాన్ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ కావాలి. దానికి తగిన పూర్తి వైరింగ్ కావాలి. యాక్సిలరేటర్ తీగతో లాగేది పనికిరాదు, ఎలక్ట్రానిక్ పెడల్ పెట్టాలి. తాళంలో చిప్ ఉన్న బండి అయితే ఆ ఈసీయూ తన తాళాన్ని తప్ప మరొకదాన్ని గుర్తించదు. డీజిలు ఫిల్టరు వేరు, తిరిగి ట్యాంకుకు వచ్చే గొట్టం వేరు. ఇంటర్‌కూలర్ పెట్టడానికి ముందు గ్రిల్ వెనుక చోటు చేయాలి, రేడియేటర్ మార్చాలి. బావ కొన్నది ఇంజిన్ మాత్రమే. వైరింగ్ ఒకరి దగ్గర, పెడల్ మరొకరి దగ్గర, ఈసీయూ మూడోవారి దగ్గర వెతుక్కున్నాడు. ఒక్కో వస్తువుకూ నాలుగు రోజులు, అయిదు రోజులు. బండి షెడ్డులో 47 రోజులు ఉంది. ఇంజిన్ ధరలో మిగిలిందనుకున్నదంతా మొదటి రెండు వారాల్లోనే పోయింది.

బయటికి వచ్చాక కూడా సుఖం లేదు. ఒక రాత్రి అనంతగిరి ఘాట్‌లో టమాటా లోడుతో ఇంజిన్ ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. పాత డీఐ అయితే బావకు తెలిసిన వైద్యమే. ఫిల్టరు మీద చేతి పంపు నొక్కి, స్పానరుతో యూనియన్ కాస్త వదులు చేసి, బుడగలు పోయి శుభ్రమైన డీజిలు వచ్చేదాకా గాలి తీస్తే పావుగంటలో బయలుదేరేవాడు. ఈ ఇంజిన్‌కు స్కానర్ పెట్టి చూడకుండా జబ్బేమిటో తెలియదు. తెల్లవారాక ఎస్.కోట నుంచి మనిషి వచ్చి చూస్తే, వైరింగ్ అతికిన చోట క్రాంక్ సెన్సర్ తీగ వదులైంది. చిటికెడు తుప్పు. అంతే. ఆ సరికి సగం టమాటా చితికింది.

మీ బండి ఎంత మంచిదైనా ఇంకో చిక్కు ఉంది. పాత పికప్‌లో క్లచ్, ప్రొపెల్లర్ షాఫ్టు, క్రౌన్ పినియన్, బ్రేకులు ఆ పాత ఇంజిన్ శక్తికి తగ్గట్టు చేసినవి. శక్తి దాదాపు రెట్టింపు చేస్తే రాబడి పెరగదు, తరువాతి బలహీనమైన భాగం విరుగుతుంది. బ్రేకుల గురించి మరీ జాగ్రత్త. డీజిలు బండ్లలో బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ చాలావరకు డైనమో వెనుక ఉండే పంపు నుంచి వస్తుంది. ఇంజిన్ మార్చేటప్పుడు ఆ గొట్టం సరిగ్గా కలవకపోతే పెడల్ రాయిలా బిగుస్తుంది. అది తెలిసేది ఘాట్ దిగేటప్పుడు.

అయినా ఈ పని చేసి తీరతానంటే, ఇంజిన్ కొనకండి, గుద్దుకున్న బండి మొత్తం కొనండి. తాళం నుంచి సైలెన్సర్ దాకా అన్నీ ఒకే బండివి అయితే సగం బాధ తగ్గుతుంది. కానీ అంతకంటే ముందు, కింద రాసిన కాగితాల సంగతి చదవండి. బహుశా అక్కడే మీ ఆలోచన మారుతుంది.

కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. డీఐ బండికి డీఐ ఇంజిన్ వేసి, రవాణా శాఖ అనుమతితో కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవడం ఒక సంగతి. తయారీదారు ఆ మోడల్‌కు ఎన్నడూ పెట్టని ఇంజిన్ ఎక్కించడం వేరే సంగతి. రెండోదానికి అనుమతి దొరుకుతుందని ఎవరైనా మెకానిక్ షాపులో కూర్చుని చెబితే, ఆ మాట రవాణా శాఖ కార్యాలయంలో చెప్పించుకోండి. పని మొదలుపెట్టే ముందే, తరువాత కాదు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మా బావ బండి ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లవలసిన బండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంజిన్ నంబరు చూసిన మొదటి ఏడాదే అది ఆగిపోయింది.

అదే చట్టంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. కనీసం పది రవాణా వాహనాలున్న యజమానికి, అదే తయారీ, అదే రకం ఇంజిన్ మార్చుకోవడానికి ముందస్తు అనుమతి లేకుండానే రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇవ్వవచ్చు. వారు కూడా మార్చిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలి. అంటే చట్టం దృష్టిలో కూడా ఇంజిన్ మార్పు అంటే అదే తయారీ, అదే రకమే. ఒకటి రెండు బండ్లున్న మనలాంటివారు ముందే అడగాలి.

బండి మీద అప్పుంటే ఫైనాన్సు సంస్థ నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోండి. బీమా సంస్థకు కొత్త ఇంజిన్ నంబరు తెలియజేసి పాలసీలో మార్పించుకోండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ఇంజిన్ అమ్మిన వారి నుంచి బిల్లు మీద మూడు విషయాలు రాయించండి: ఇంజిన్ నంబరు, అది ఏ బండి నుంచి తీశారో ఆ బండి నంబరు, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం వివరం. నంబరు చెక్కిన చోట గీతలు, గ్రైండరు మెరుపు, ఎగుడుదిగుడు అక్షరాలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. దొంగ బండి ఇంజిన్ మీ బండిలో దొరికితే మీరు అమాయకులని నిరూపించుకునేలోపు బండి ఎన్ని నెలలు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండుతుందో ఊహించుకోండి.

ఎప్పుడు అమ్మేయాలి

ఛాసిస్ తినేసి ఉంటే. గేరు బాక్సు, వెనుక ఇరుసు కూడా మోత చేస్తుంటే. ఇంకో అయిదారేళ్లు ఇదే పని చేయాలనుకుంటే. ఛాసిస్ రెండు వైపులా పోతే ఆ ఒక్కటే చాలు. లేదంటే ఈ మూడింటిలో రెండు నిజమైతే పాత బండి మీద పెద్ద ఖర్చు పెట్టకండి. కామన్ రైల్ బండి మీద మనసుంటే, కామన్ రైల్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బీఎస్-4 పికప్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. దేశమంతటా పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ నుంచి అమలైంది కాబట్టి మధ్య మూడేళ్ల బండ్లు దొరుకుతాయి. కొనేటప్పుడు కూడా అదే సుత్తి పట్టుకుని కిందకి వెళ్లాలి. చేపల బండి అయితే రెండుసార్లు వెళ్లాలి.

చిన్న బండివారికి ఒక మాట. 2005లో వచ్చిన టాటా ఏస్‌లోని 702 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్ చిన్నది, తేలిక. దానికి అదే రకం ఇంజిన్ మార్చడం అన్నిటికంటే సులువైన పని. పేచీ పెట్టుకోకుండా అదే చేయండి, కాగితాలు మాత్రం పైన చెప్పినట్టే.

ఏ దారి ఎంచుకున్నా పాత ఇంజిన్‌ను అదే రోజు తుక్కువారికి ఇచ్చేయకండి. కొత్త నంబరు ఆర్సీలో ఎక్కేదాకా, వేసిన ఇంజిన్ రెండు మూడు వేల కిలోమీటర్లు నిలకడగా తిరిగేదాకా అది షెడ్డులో ఒక మూల ఉండనివ్వండి. మా బావ బండికి చివరికి తన పాత బ్లాకే బోరు చేయించి తిరిగి వేశాం. అది గోనెసంచి కింద, వేపచెట్టు నీడలో ఇంకా ఉంది కాబట్టే అది సాధ్యమైంది. లేత్ షాపులో కొలతలు తీస్తే రెండో సైజు బోరుకు ఇంకా అవకాశం ఉందని తేలింది. పంపు కాలిబ్రేషన్‌తో సహా తొమ్మిది రోజుల్లో బండి ఎస్.కోట రోడ్డు ఎక్కింది.